లోలకము కడలి దాటిన కథ

2024 నుండి ప్రభుత్వ వ్యవహారమున శ్రీ విజయపురమని పిలువబడుచున్న పోర్ట్ బ్లెయిర్ నగరమున, జంగ్లీఘాట్ రేవునకు చేరువగా, డైరీ ఫార్మ్ అను పేట యొకటి కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములనుండి బ్రతుకుదెరువు వెదకికొనుచు దినములతరబడి ఓడప్రయాణము చేసి వచ్చిన తెలుగువారు ఈ నగరమునందును దాని చుట్టుపట్లను తరములనుండి కాపురముండిరి; 2011 జనాభా లెక్కలనుబట్టి అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు ఏబదివేలకు పైబడినవారు, అనగా మొత్తము జనములో సుమారు 13 శాతము. ఇట్టి పేటలో పెరిగిన పిల్లవాడు పదునొకండవ తరగతిలో చేతబట్టు దారము, దాని కొనను వ్రేలాడు లోహపు గుండు, వాలుగా నిలిపిన పలక, దానిపై దొరలు రోలరు, కప్పీ, స్ప్రింగు త్రాసు, వీనినిగూర్చి చరిత్ర వ్రాయువారు అరుదు. రాజుల కత్తులకును, నౌకల తెరచాపలకును దక్కిన గౌరవము బడిసామానులకు దక్కలేదు. అయినను చలనమనగా నేమో, బలమనగా నేమో, భూమి వస్తువులను తనకడకు లాగికొనుట ఏ లెక్కను జరుగుచున్నదో మానవుడు నిశ్చయముగా తెలిసికొన్నది ఇట్టి సామానులచేతనే. వాని వంశము మూడువందల యెనుబదియేండ్లకు పైబడిన ప్రాచీనతగలది, వాని ప్రయాణము మూడు ఖండములగుండ సాగినది.

క్రిందపడు వస్తువును పరీక్షింపగోరిన వానికి మొదట ఎదురగు చిక్కు వేగము. చేతినుండి జారిన రాయి ఒక్క సెకనులో దాదాపు ఐదు మీటర్లు పడిపోవును. అంతలో కంటికి గాని చేతికి గాని ఏమియు పట్టువడదు. కావున ఈ సామగ్రి చరిత్ర యంతయు, నా దృష్టికి, పతనమును మనుష్యుని చేతికి అందునంత నెమ్మదిగా జరిపించుటకు చేసిన ఉపాయముల చరిత్ర. అందులో మొదటి ఉపాయము గెలీలియోది. గృహనిర్బంధమున నుండి, చూపు పోగొట్టుకొన్న వార్ధకమున, 1638లో లైడెన్ నగరమునందు అచ్చు వేయించిన గ్రంథములో ఆయన తన ప్రయోగమును వడ్రంగికి చెప్పినంత వివరముగా వర్ణించెను. పండ్రెండు మూరల పొడవు, అరమూర వెడల్పు, మూడు వ్రేళ్ల మందము గల దూలము తీసికొని, దానిలో వ్రేలివెడల్పుకంటె కొంచె మెక్కువగా తిన్నని గాడి తీయించి, నునుపుచేయించి, అందులో తోలుకాగితము అంటించి, గట్టి కంచుగుండు నొకదానిని దొర్లించెను. దూలము నొకవైపు ఎత్తినకొలది గుండు వేగముగా దొరలును, దించినకొలది నెమ్మదించును. ఇట్లు పతనమునకు పగ్గము వేయబడినది.

ఇక కాలమును కొలుచుట యెట్లు? సెకనులను సరిగా కొలుచు గడియారము ఆయన చేత లేదు. ఆయన ఒక పెద్దపాత్రలో నీరు నింపి, అడుగున సన్నని గొట్టము పెట్టి, గుండు కదలిన క్షణమునుండి ఆగిన క్షణమువరకు కారిన నీటిని చిన్న గాజుపాత్రలో పట్టి, సున్నితమైన త్రాసులో తూచెను. ఆ తూకముల నిష్పత్తియే కాలముల నిష్పత్తి. చిల్లిగిన్నె నీట మునుగునంత కాలమును ఘటిక యని లెక్కించి లగ్నములు పెట్టిన మనదేశపు జ్యోతిష్కులకు ఈ నీటిలెక్క వింతగా తోచదు. నూరుమారులు చేసిచూచితిననియు, కాలము రెట్టింపైనచో దూరము నాలుగురెట్లగుననియు, మూడురెట్లైనచో తొమ్మిదిరెట్లగుననియు, ఏ వాలునందైనను ఈ నియమము తప్పలేదనియు ఆయన వ్రాసెను. ఆ పరీక్షకు కావలసినవి ఒక వడ్రంగి, ఒక కంచరి, ఒక త్రాసు, కొంత ఓపిక. ఇవి లేని ఊరు లేదు.

గెలీలియో గ్రంథము అచ్చయిన లైడెన్ నగరమునందే, పదునెనిమిదవ శతాబ్ది తొలిపాదమున, విల్లెం గ్రావెసాండె అను ఆచార్యుడు న్యూటను సిద్ధాంతములను యంత్రములచే కన్నులకు కట్టించి బోధించు పద్ధతిని స్థాపించెను. ముషెన్‌బ్రోక్ కుటుంబపు కర్మశాల ఆయనకొరకు కప్పీలను, త్రాసులను, అభిఘాతమును చూపు గుండ్లను తీర్చిదిద్దినది. మెత్తని బంకమట్టిమీదికి లోహపు గుండ్లను వేర్వేరు ఎత్తులనుండి జారవిడిచి, అవి మట్టిలో చేసిన గుంటలను పోల్చి, కదలుచున్న వస్తువు యొక్క సత్తువ దాని వేగముతో గాక వేగపు వర్గముతో పెరుగునని 1722 ప్రాంతమున ఆయన నిరూపించిన ప్రయోగము, పలకయు మట్టియు తప్ప వేరేమియు అక్కరలేని అందమైన ప్రయోగము. తరువాత కేంబ్రిడ్జియందు జార్జి ఆట్‌వుడ్ 1784లో ప్రకటించిన గ్రంథమున వర్ణించిన యంత్రము పతనమును మఱియొక రీతిని మందగింపజేసెను: కప్పీకి ఇరువైపుల సమానమైన బరువులను వ్రేలాడదీసి, ఒకదానిపై చిన్న కడ్డీనుంచినచో, ఆ కడ్డీ బరువొక్కటే రెండు పెద్ద బరువులను ఈడ్వవలసివచ్చును గనుక అంతయు నెమ్మదిగా దిగును, నడుమ బిగించిన వలయము కడ్డీని పట్టివేసినంతనే త్వరణము నిలిచిపోయి సమవేగము మిగులును. బలమున్నంతవరకే వేగము మారును, బలము తొలగినను చలనము ఆగదు అను న్యూటను మాట ఇంత తేటగా మరియెందునను కనబడదు. ఆ పెద్ద కప్పీ ఇరుసును చిన్న చక్రములపై ఆనించి ఘర్షణను తగ్గించిన నేర్పు గడియారములు చేయు పనివారిది.

అయితే ఈ దశలో ఒక మార్పు జరిగినది, దానిని గమనింపవలెను. గెలీలియో సామాను గెలీలియో చేతిలో నుండెను. లైడెన్, కేంబ్రిడ్జి యంత్రములు ఆచార్యుని బల్లపై నుండెను. విద్యార్థి దూరమున బల్లపై కూర్చుండి చూచువాడాయెను. ఇత్తడియు మేలుకఱ్ఱయు వాడి మెరుగుపెట్టిన యంత్రము విలువైన దగుటచేత దానిని ముట్టుటకు అనుమతి కావలసివచ్చెను. మన దేశమునకు పాశ్చాత్యవిజ్ఞానము వచ్చునాటికి అది ఈ వేషముతోనే వచ్చెను.

పాఠశాలల వెలుపల గురుత్వపు సామగ్రిని భారతభూమిపై నడిపినవారు సర్వే శాఖవారు. రాయల్ సొసైటీ ఎరువిచ్చిన ఇత్తడి లోలకములను పట్టుకొని బసేవి అను సైనికాధికారి 1865 నుండి కన్యాకుమారి ప్రాంతమునుండి హిమాలయములవరకు చోటుచోటున వానిని ఊగించి, గాలి తీసివేసిన పాత్రలో వాని ఊపులను గడియారముతో సరిపోల్చుచు లెక్కించెను. ఆ స్థలములలో మన కొడంగలును, కాకినాడయు ఉన్నవి. సముద్రమధ్యమున మినికాయ్ దీవియు ఉన్నది. లడఖ్ పీఠభూమిపై చలిలో పని సాగించుచునే 1871లో ఆయన మరణించెను, మిగిలిన పనిని హీవిసైడ్ అను అధికారి పూర్తిచేసెను. తీరమునను దీవులయందును గురుత్వము ఊహించినదానికంటె హెచ్చుగాను, మహాపర్వతముల సమీపమున తక్కువగాను కనబడుట ఆ శ్రమకు ఫలము. పర్వతముల క్రింద భూపదార్థము తేలికైనదను సిద్ధాంతమునకు అది బలమిచ్చెను. ఒక దారపు గుండు భూగర్భమును తొంగిచూడగలదను సంగతి తెలిసిన పిల్లవానికి ప్రయోగశాలలోని లోలకము వేరుగా కనబడును. కాని పాఠ్యపుస్తకములలో కొడంగలు పేరు గాని బసేవి పేరు గాని నాకు కనబడలేదు.

పోర్ట్ బ్లెయిరునకు గురుత్వమును వ్రాసిపెట్టు యంత్రము 1880లో వచ్చెను. అది ఆటుపోట్లను కొలుచు యంత్రము. రేవుయొడ్డున నీటిలోనికి నిలువుగా దించిన గొట్టములో నీటిపై తేలు బోలు లోహపుడబ్బా యొకటి యుండును. అలలు గొట్టములోనికి చొరకుండ అడుగున సన్నని రంధ్రము మాత్రమే విడువబడును గనుక, సముద్రమట్టము నెమ్మదిగా లేచుట పడుట తప్ప లోపల వేరు కదలిక యుండదు. ఆ డబ్బాకు కట్టిన తీగ చక్రముమీదుగా పోయి పెన్సిలును కదల్చును. గడియారముచే దినమున కొకమారు తిరుగు పీపామీద చుట్టిన కాగితముపై ఆ పెన్సిలు రేయింబవళ్లు గీత గీయుచుండును. అమావాస్యకు పున్నమికి ఆ గీత ఎత్తుగా ఉబికి, అష్టములందు చప్పిడియై, చంద్రుని ఆకర్షణమును సూర్యుని ఆకర్షణమును కూడుచు తీసివేయుచు పోవును. జంగ్లీఘాట్ మత్స్యకారులు పోటును పాటును తిథులనుబట్టి చెప్పుదురు. యంత్రము చెప్పినదియు అదే, అంకెలతో. ఆ యంత్రము నిలిపిన మరుసటియేడే, 1881 డిసెంబరు 31న, కార్ నికోబార్ సమీపమున భూకంపము పుట్టి సముద్రము కలగినప్పుడు, పోర్ట్ బ్లెయిర్ కాగితముపై గీత వణకినది. బంగాళాఖాతపు ఇతర రేవుల కాగితములందును అట్లే. నూటయిరువదియేండ్లు గడచిన పిమ్మట ఆ కాగితములను తిరిగి చదివి, ఓర్టిజ్, బిల్హమ్ అను శాస్త్రజ్ఞులు 2003లో ఆ భూకంప పరిమాణమును 7.9గా నిర్ణయించిరి. వ్రాసియుంచిన కొలత కెంత ఆయుష్షున్నదో దీనిచే తెలియును.

పాఠశాలల సంగతి వేరు. ఆంగ్లేయుల పాలనలో బడులకు కావలసిన త్రాసులు, కప్పీలు, గుండ్లు ఇంగ్లండునుండి ఓడలలో రావలసియుండెను; వెల హెచ్చు, విరిగినచో బాగుచేయువాడు లేడు. ఈ కొఱతను మొదట మనసున పెట్టుకొన్న వారిలో లాహోరు ప్రభుత్వ కళాశాల అధ్యాపకుడు రుచీరామ్ సాహ్ని అగ్రగణ్యుడు. ఆయన 1888లో రైల్వే పనిలో ఆరితేరిన ఒక మేస్త్రీని జతచేసికొని, శాస్త్రపరికరములను మరమ్మతుచేయుటకును, తరువాత స్వయముగా తయారుచేయుటకును కర్మశాల పెట్టించి, బడులకు చౌకగా అందజేసెను. అంతటితో ఆగక, పంజాబు పట్టణములలో, పల్లెలలో, ప్రజల భాషలో ప్రయోగములు చేసి చూపుచు ఉపన్యసించెను; అంగళ్లవారు అణాలిచ్చి విన వచ్చిరి. వృక్షావశేషశాస్త్రమున ప్రఖ్యాతుడైన బీర్బల్ సాహ్ని ఈయన కుమారుడే. పంజాబునందు ఇట్లు పాదుకొన్న నేర్పు అనంతరకాలమున అంబాలాలో విస్తరిల్లినది. నేడు దేశమందలి బడుల బీరువాలలో నున్న వెర్నియరు, స్క్రూగేజి, లోలకపు గుండు మొదలగువానిపై తయారీ చిరునామా చూచినచో తరచుగా కనబడు ఊరు అంబాలాయే.

తెలుగునాట ఆ కాలమున మాట ముందు వచ్చినది, సామాను వెనుక వచ్చినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు జ్యోతిశ్శాస్త్ర సంగ్రహము రచించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి చొరవతో 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రములతోపాటు ప్రకృతిశాస్త్రములను తెలుగున ప్రకటించినది. మంత్రిప్రెగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞానశాస్త్రము ఆ వరుసలోనిది. ఇట్టి గ్రంథములు లేకున్నచో మన భాషలో చలనమును గూర్చి తప్పులేకుండ మాటలాడుట కష్టమై యుండును. వారికి తెలుగుజాతి ఋణపడియున్నది. కాని గ్రంథమున బొమ్మగా ముద్రించిన వాలుపలకపై గుండు దొరలదు. పుస్తకము ఇల్లిల్లు చేరినంత సులభముగా పలక బడికి చేరలేదు.

చేరినచోట్లను అది బీరువాలో చేరెను. ఇది ఈ చరిత్రలో నన్ను మిక్కిలి బాధించు భాగము గనుక కొంత నిలిచి చెప్పవలసియున్నది. ప్రభుత్వధనముతో కొన్న ప్రతివస్తువునకును స్టాకు రిజిస్టరులో ఒక పంక్తి యుండును. విరిగినను పోయినను దాని వెల ఆ రిజిస్టరును చేతబట్టిన ఉపాధ్యాయుని మెడకు చుట్టుకొనును. పదవీవిరమణనాడు ప్రతి వస్తువును లెక్క అప్పగింపవలెను. జీతము చాలని ఉపాధ్యాయుడు ఇట్టి పరిస్థితిలో గాజుతలుపుల బీరువాకు తాళము వేసినచో ఆతనిని నిందించుట న్యాయము కాదు. తప్పు ఆ నియమముది. దానివలన స్ప్రింగు త్రాసులును కప్పీలును ఉత్సవవిగ్రహములవలె తనిఖీనాడు మాత్రమే బయటికి వచ్చి, బల్లపై వరుసగా నిలిచి, సాయంకాలమునకు తిరిగి లోపలికి పోయెడివి. పిల్లలు అద్దములోనుండి వానిని చూచి, వాని బొమ్మలను రికార్డు పుస్తకములో పెన్సిలుతో గీచి, క్రింద పేర్లు వ్రాసి, పరీక్ష నెగ్గిరి. వాడుటచే విరిగిన వస్తువు బడికి లాభమనియు, వాడకుండుటచే చెడిన వస్తువు నష్టమనియు రిజిస్టరు గుర్తింపదు.

స్వాతంత్ర్యానంతరము ఈ బీరువాను తెరుచుటకు మూడు వైపులనుండి ప్రయత్నములు జరిగినవి. యుద్ధమున నాశనమైన దేశముల ఉపాధ్యాయులకొరకు 1948లో సిద్ధపరచిన చిన్న పుస్తకమును పెంచి, యునెస్కోవారు 1956లో శాస్త్రబోధనకు ఒక ఆకరగ్రంథమును ప్రకటించిరి. డబ్బాలు, సీసామూతలు, దారపుకండెలు, చీపురుపుల్లలతో సమస్తప్రయోగములు చేయు మార్గము అందు చూపబడినది. అదే 1956లో అమెరికాయందు జెరాల్డ్ జకరాయస్ నాయకత్వమున భౌతికశాస్త్రబోధనను సంస్కరింప సమకట్టిన సంఘమువారు, చక్రములబండిని, దానివెనుక కట్టిన కాగితపుపట్టీని పిల్లవాని చేతికిచ్చిరి. మన దేశమున 1961లో జాతీయ విద్యాపరిశోధన శిక్షణమండలి, అనగా ఎన్‌సీఈఆర్‌టీ, ఏర్పడినది. 1963 నుండి వేసవి శిక్షణాలయములలో మన ఉపాధ్యాయులు ఈ నూతనసామగ్రిని స్వయముగా త్రిప్పిచూచిరి. ఆ దశకమునందే యునెస్కో పంపిన సోవియట్ నిపుణులతో కలసి ఆ మండలి కర్మశాల పాఠశాలలకు పరికరపు పెట్టెలను రూపొందించెను.

ఆ కాగితపుపట్టీ ప్రయోగమును దగ్గరనుండి చూడవలెను. బల్లపై విద్యుత్ప్రవాహముచే కొట్టుకొను చిన్న సుత్తి యొకటి, దాని క్రింద కార్బను బిళ్ల, బిళ్ల క్రిందుగా జారిపోవు తెల్లని పట్టీ. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది గనుక సుత్తియు సెకనుకు 50 చుక్కలు పెట్టును. అనగా చుక్కకును చుక్కకును నడుమ సెకనులో ఏబదవవంతు. బండిని చేతితో సమముగా లాగినచో చుక్కలు సమదూరమున పడును. వాలుపలకపై విడిచినచో మొదట కిక్కిరిసి, పోనుపోను ఎడమై పడును. పట్టీని పదేసి చుక్కలకొక ముక్కగా కత్తిరించి, ముక్కలను ప్రక్కప్రక్కన నిలువుగా అంటించినంతనే, మెట్లుమెట్లుగా సమముగా ఎక్కుచున్న వేగపు రేఖాచిత్రము పిల్లవాని కన్నులయెదుట నిలుచును. గ్రాఫుగీయుట యెరుగని పదునాలుగేండ్ల బాలికయైనను త్వరణమనగా నేమో కత్తెరతో కనుగొనును. పతనమును నెమ్మదింపజేసినవాడు గెలీలియో. పతనముచేతనే దాని చరిత్ర వ్రాయించినది ఈ పట్టీ. ఇంతకంటె మేలైన బోధనాసాధనము ఇరువదియవ శతాబ్దిలో పుట్టలేదని నేను నమ్ముచున్నాను.

అండమాన్ దీవులలో ఈ సామగ్రి తాళముతోబాటు తుప్పునుకూడ ఎదుర్కొనవలసివచ్చెను. విశాఖనుండియు చెన్నైనుండియు సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రము; వస్తువు విరిగినచో మారువస్తువు ఓడకొరకు వేచియుండవలెను. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, ఉప్పుగాలి, ఎల్లప్పుడు తడియారని గోడలు. ఇట్టిచోట స్ప్రింగు త్రాసు బీరువాలో ఒక వర్షాకాలము గడిపినచో చుట్టలమీద ఎఱ్ఱని పొడి రాలును, ముల్లు సున్నవద్దకు తిరిగిరాదు. ఇత్తడి గుండుపై పచ్చనిచిలుము పట్టును. కఱ్ఱ మీటరుబద్ద విల్లువలె గాకున్నను కొంచెము వంగును. ఇనుపబరువులు పొట్టులేచి తేలికబడును. తరచుగా చేతులు తగులుచు, తుడువబడుచు, నూనె పూయబడుచు నున్న సామాను మాత్రమే ఇక్కడ బ్రతుకును. మెయిన్‌లాండు బడులలో తాళపుబీరువా సామానును నిరుపయోగము చేయును; ఇక్కడ నశింపజేయును.

దీవులలో 1967లో ప్రభుత్వ కళాశాల వెలసినది. అదియే నేటి జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయము. పాఠశాలలు కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పరీక్షలకు చేరినవి, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకములు చదువబడుచున్నవి. పదునొకండవ తరగతి భౌతికశాస్త్రమున నూరింట 30 మార్కులు ప్రయోగములకు. అందులో సరళలోలకము, సదిశల సమాంతర చతుర్భుజనియమము, ఘర్షణ, వాలుతలముపై రోలరును లాగు బలము మొదలైనవి యున్నవి. దిల్లీలో ఏది చేయుదురో డైరీ ఫార్మ్ పిల్లలును అదే చేయవలెను. కాని దిల్లీయందలి గురుత్వము వేరు, ఈ దీవియందలి గురుత్వము వేరు.

ఇది పైపైమాట కాదు. భూమి ధ్రువములకడ కొంచెము అణగి, మధ్యరేఖకడ కొంచెము ఉబ్బియున్నది. పైగా భ్రమణవేగము మధ్యరేఖకడ హెచ్చు. 1672లో ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు రిషే దక్షిణ అమెరికాలోని కయెన్ దీవికి పోయి, పారిసున సరిగా నడచిన గడియారము అక్కడ దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడుట గమనించి, లోలకమును కొంచెము కురుచజేసి సరిదిద్దెను. న్యూటను దానినుండియే భూమి ఆకృతిని తర్కించెను. పోర్ట్ బ్లెయిర్ అక్షాంశము సుమారు 11 డిగ్రీల 40 నిమిషములు. ఆ అక్షాంశమునకు లెక్కగట్టినచో గురుత్వత్వరణము, సెకనుకు సెకనుకు మీటర్లలో, 9.782, లండనులో 9.812. లండనులో సరిగా నడచు లోలకపు గడియారమును, ఉష్ణోగ్రతాభేదమును లెక్కింపకయే, డైరీ ఫార్మ్ గోడకు తగిలించినచో అది దినమునకు సుమారు 2 నిమిషముల 10 సెకనులు వెనుకబడును. ఒక దిశనుండి ఒక సెకనులో అవతలికి పోవు లోలకము పొడవు పారిసులో 99.4 సెంటీమీటర్లుండగా ఇక్కడ 99.1 మాత్రమే. ఫూకో 1851లో పారిసున వ్రేలాడదీసి భూభ్రమణమును ప్రత్యక్షము చేసిన పెద్ద లోలకమును ఇక్కడ వ్రేలాడదీసినచో, దాని ఊగుతలము గంటకు మూడు డిగ్రీలు మాత్రమే తిరిగి, ఒక చుట్టు ముగించుటకు దాదాపు ఐదు దినములు పట్టును.

ఇంతటి సొంతసొమ్ము కలిగియుండియు, బాలుడు ప్రయోగము చేసి తనకు 9.6 గాని 9.9 గాని వచ్చినప్పుడు, రబ్బరుతో చెరిపి 9.81 అని వ్రాసికొనుట దేశమంతట ఉన్న అలవాటు. ఆ అంకె ఈ దీవికి చెందినది కాదు. చెరిపివ్రాసిన అంకె కంటె తప్పుగా వచ్చిన అంకెయే శాస్త్రమునకు దగ్గర. ఎందుకు తప్పినదో వెదకుట అక్కడినుండియే మొదలగును. దారము పొడవును ముడినుండి గుండు కొనవరకు కొలిచితిమా, గుండు నడిమికి కొలిచితిమా? ఊపు వెడల్పైనదా? గుండు సరళరేఖలో పోవుటకు మారుగా కోడిగుడ్డు ఆకారమున తిరిగినదా? ఊపులను లెక్కించుటలో మొదటి ఊపును సున్న అనుటకు మారుగా ఒకటి అంటిమా? ఈ చివరి పొరపాటు మిక్కిలి సామాన్యము, ఇరువది ఊపుల లెక్కలో అది ఫలితమును పదింట ఒకవంతుదాక చెడగొట్టును.

పిల్లలకు చేతిపని తెలియదని తలచుట పొరపాటు. శ్రీకాకుళపు పొలాలలో ఏతాము త్రొక్కిన తాతలుగల యిండ్లలో మీటసూత్రము క్రొత్తది కాదు: ఒకవైపు నీరు, ఒకవైపు మనిషి, నడుమ ఆనుకఱ్ఱ. బావిగిలక, బొంగరము, ఉయ్యాల, వడిసెల, మేస్త్రీ గోడకు ఒరసిచూచు తూకపుగుండు, వలయంచున కట్టు సీసపుగుండ్లు, ఇవి భౌతికశాస్త్రపు సామగ్రియే. పోర్ట్ బ్లెయిరునందే 1883 నుండి చాతమ్ దీవిలో రంపపుమిల్లు నడుచుచున్నది. మహావృక్షముల మొద్దులను అక్కడ కదలించినవారికి ఘర్షణబలము పుస్తకమున చదువనక్కరలేదు. ఫీనిక్స్ బే నౌకాశాలలో ఓడను ఒడ్డునకు లాగు వాలుదారి గెలీలియో దూలమునకు పెద్దన్న. కొఱతయైనది కొలత. ఎంత బరువు, ఎంత వాలు, ఎంత లాగుడు అని అంకెలు వేసికొనుట బడి నేర్పవలసిన పని, దానికే స్ప్రింగు త్రాసు కావలెను, కోణమాని కావలెను.

ఈ దారిని పట్టినవారు మన దేశమున లేకపోలేదు. మధ్యప్రదేశపు హోశంగాబాదు జిల్లాలో 1972 నుండి 2002 వరకు సాగిన శాస్త్రబోధన కార్యక్రమము పల్లెబడుల పిల్లల చేతులకు పరికరములిచ్చి పుస్తకమును వెనుకకు నెట్టినది. అక్కడ పనిచేసిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతో, సైకిలు గొట్టపు ముక్కలతో చేయు బొమ్మలు దేశభాషలలోనికి ప్రాకినవి. మన చిత్తూరుజిల్లా కుప్పము సమీపమున 1999లో నెలకొన్న అగస్త్య అంతర్జాతీయ సంస్థ, చవక నమూనాలను బండ్లలో నింపి పల్లెబడులకు త్రిప్పుచున్నది. ఆ బండి వద్ద పిల్లలే తోటిపిల్లలకు ప్రయోగము చేసి చూపుదురు. బండిలోని వస్తువు విరుగుటకే వచ్చినదని అందఱు ముందే ఒప్పుకొన్న పద్ధతి అది. అందుచే దానికి తాళము లేదు.

ఇట్టి సామానుతో గురుత్వభేదము ఎంతవరకు తెలియునో చూచుటకు మరల దీవికి వత్తము. 2004 డిసెంబరు 26న భూమి కదలి, పోర్ట్ బ్లెయిర్ నేల సుమారు ఒక మీటరు క్రుంగి, లోతట్టుభూములు ఉప్పునీట మునిగినవి. ఆ యేడాది ఆకాశమున, 2002లో ప్రయోగింపబడిన గ్రేస్ అను జంట ఉపగ్రహములు ఒకదాని వెనుక నొకటి సుమారు 220 కిలోమీటర్ల యెడమున భూమిని చుట్టుచుండెను. క్రిందనున్న గురుత్వము మారినచోట వాని నడిమి దూరము అతిస్వల్పముగా మారును. భూకంపానంతరము అండమాన్ సముద్రప్రాంతమున గురుత్వము తగ్గినట్లు వాని కొలతలు చూపెనని శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిరి. ఆ తగ్గుదల మొత్తము గురుత్వములో ఆరున్నర కోట్లలో ఒకవంతు. బడిలోలకము దానిని చూడజాలదు. మఱి 9.78కును 9.81కును గల భేదమును చూడగలదా? అది వేయింట మూడు వంతులు. ఇరువది ఊపులను లెక్కించి విడిచినచో, స్టాప్‌వాచి నొక్కుటలోని ఐదింట ఒకవంతు సెకను తడబాటే ఆ భేదమును మింగివేయును. నూరు ఊపులను లెక్కించినచో ఆ తడబాటు వేయింట రెండువంతులకు దిగును, అప్పుడు తేడా కనబడ మొదలిడును. అరువది సెంటీమీటర్లనుండి మీటరువరకు ఐదు పొడవులు తీసికొని, ఒక్కొక్కదానికి నూరేసి ఊపులను లెక్కించుటకు మొత్తము పావుగంట చాలును. ముడివిప్పి, పొడవు మార్చి, తిరిగి కట్టుటకు మఱొక పావుగంట. రెండు పీరియడ్లు కలిపి ఇచ్చిన ఏ బడియైనను ఈ పని చేయవచ్చును, దానికి దారము, గుండు, బద్ద, గడియారము తప్ప వేరేమియు కొననక్కరలేదు.